గుర్రం పోవడం మంచిదేనా? వియత్నాం సామెతల్లో అదృష్టం లెక్కలు

హోచిమిన్ సిటీలో రోడ్డు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటుంటే, బైక్ మీద వచ్చినవాడు లాక్కుని పోవడం అక్కడ అందరికీ తెలిసిన బాధే. అలా ఫోన్ పోగొట్టుకుని ఇంటికొచ్చినవాడి చుట్టూ నలుగురు చేరారనుకుందాం. "పోనీలే, వస్తువు పోయి మనిషి దక్కాడు" అంటుంది అమ్మమ్మ. "కష్టం ఒంటరిగా రాదు, ఈ వారం బండి కూడా జాగ్రత్త" అంటాడు పక్కింటాయన. "చెడ్డకాలం చివరికొస్తే మంచికాలం మొదలవుతుందిరా" అని బాబాయి. కాస్త పాత చదువు చదివిన పెద్దాయన ఎవరైనా ఉంటే "తాయ్ ఓంగ్ థత్ మా" అని నాలుగే నాలుగు అక్షరాల్లో తేల్చేస్తాడు. సరిహద్దు ముసలాయన గుర్రం పోగొట్టుకున్నాడు అని దానర్థం.

వినడానికి అందరూ ఒకే ఓదార్పు చెబుతున్నట్టు ఉంటుంది. బయటివాళ్లు కూడా వీటన్నిటినీ ఒకే గాటన కట్టి "మంచీ చెడూ సమానమని ఆసియా జ్ఞానం" అని రాసేస్తుంటారు. నిజానికి ఈ నాలుగు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఒకటి తొందరపడి తీర్పు చెప్పొద్దంటుంది. ఒకటి వంతులు మారతాయంటుంది. ఒకటి పోయినదానికి బదులు ఏదో దక్కిందంటుంది. పక్కింటాయన మాటైతే మిగతా మూడింటికీ అడ్డం తిరుగుతుంది. వీటిని విడదీసి చూస్తేనే వియత్నాం వాళ్లు ఎప్పుడు ఏది వాడతారో, ఎందుకు వాడతారో అర్థమవుతుంది.

## సరిహద్దు ముసలాయన అసలు ఏమన్నాడు

ఈ కథ మన వాట్సాప్ గ్రూపుల్లోనూ "చైనా రైతు కథ" అనో, "జెన్ కథ" అనో తిరుగుతూ ఉంటుంది. చైనా కథే, కానీ జెన్‌తో సంబంధం లేదు. బౌద్ధంలో ఒక శాఖ అయిన జెన్ సంప్రదాయం మొదలవడానికి కొన్ని వందల ఏళ్ల ముందే, క్రీ.పూ. 139లో చైనా చక్రవర్తికి సమర్పించిన 'హువాయ్‌నాన్‌జి' అనే గ్రంథంలో ఇది ఉంది. హువాయ్‌నాన్ ప్రాంతపు రాజు లియు ఆన్ తన కొలువులోని పండితులతో దాన్ని రాయించాడు. అదృష్ట దురదృష్టాల మీద అంత లోతైన అధ్యాయం రాయించిన ఆ రాజు, చివరికి క్రీ.పూ. 122లో రాజద్రోహ నేరం మీద పడడంతో ఆత్మహత్య చేసుకున్నాడు.

కథ చిన్నదే. ఉత్తర సరిహద్దు దగ్గర ఉండే ఒకాయన గుర్రం తప్పించుకుని అవతలి హు తెగల నేలలోకి పోయింది. ఊళ్లోవాళ్లు పరామర్శకు వచ్చారు. "ఇది మంచి ఎందుకు కాకూడదు?" అన్నాడాయన. కొన్ని నెలలకు అది మేలుజాతి గుర్రాలను వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. అభినందించడానికి వచ్చినవాళ్లతో "ఇది చెడు ఎందుకు కాకూడదు?" అన్నాడు. కొడుక్కి గుర్రపుస్వారీ పిచ్చి. కిందపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ పరామర్శలు, మళ్లీ "ఇది మంచి ఎందుకు కాకూడదు?" ఏడాది తర్వాత హు తెగలు దండెత్తాయి. వయసులో ఉన్న మగవాళ్లంతా విల్లు పట్టి యుద్ధానికి పోయారు. సరిహద్దు ఊళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది చచ్చారు. కుంటివాడు కావడంతో ఈ కొడుకు ఒక్కడూ తండ్రితో పాటు బతికాడు.

వాట్సాప్ కథలో ముసలాయన ప్రతిసారీ "ఏమో, ఎవరికి తెలుసు" అంటాడు. పాత గ్రంథంలో అలా అనడు. ఊరంతా ఒకవైపు మొగ్గినప్పుడల్లా రెండోవైపు వేలు చూపిస్తాడు. పైగా గ్రంథం ఆయన్ని శాస్త్రం తెలిసిన మనిషిగా, అంటే రాబోయేది పసిగట్టగలిగే విద్య ఉన్నవాడిగా పరిచయం చేస్తుంది. అమాయకపు రైతు అన్నది తర్వాత చేరిన రంగు.

కథలో లేనిది ఇంకొకటి ఉంది. మంచీ చెడూ చివరికి సరిసమానం అవుతాయని అందులో ఎక్కడా లేదు. వీటి మార్పులకు అంతు దొరకదు, లోతు కొలవలేం అని మాత్రమే గ్రంథం ముగిస్తుంది. సమానం అయ్యే మాటే ఉంటే ఆ చచ్చిపోయిన తొమ్మిదిమంది ఇళ్లకు ఏ గుర్రం తిరిగొచ్చింది? ముసలాయన కొడుకు అదృష్టం అదృష్టంగా కనబడడానికి కారణం పక్కింటి కొడుకుల చావు. కథ ఆగిన చోటు కూడా చూడాలి. ఇంకో నాలుగు పేజీలు రాసి ఉంటే ఆ కుంటికాలుతో సరిహద్దులో బతుకెలా ఈడ్చాడో తెలిసేది.

ఇది వియత్నాం మాట ఎలా అయిందంటే, క్రీ.పూ. 111 నుంచి దాదాపు వెయ్యేళ్లు ఉత్తర వియత్నాం చైనా పాలనలో ఉంది. స్వతంత్రం వచ్చాక కూడా రాజోద్యోగాల పరీక్షలు చైనా లిపిలోనే జరిగాయి. ఆఖరి పరీక్ష హ్యూ నగరంలో జరిగింది 1919లో. తరాల తరబడి పిల్లలు ఈ నాలుగక్షరాల మాటలను వియత్నాం ఉచ్చారణలో వల్లెవేశారు. అందుకే మన మాటల మధ్య సంస్కృత సూక్తి దొర్లినట్టు, వాళ్ల నోట ఇవి పండితుల మాటల్లా, కొంచెం బరువుగా పలుకుతాయి. పల్లెటూరి అమ్మమ్మ "చోంగ్ కాయ్ రుయ్ కో కాయ్ మయ్" అంటుంది. చెడులో మంచి ఉంటుందని అచ్చ వియత్నాం మాట.

## వంతులు మారతాయన్న లెక్క, లాటరీ దగ్గర దాని గతి

బాబాయి చెప్పింది వేరే వంశం. "హెత్ కన్ బి కుక్, డెన్ హోయ్ థాయ్ లాయ్": 'బి' ముదిరి తీరాక 'థాయ్' వస్తుంది. ఈ రెండూ చైనా వాళ్ల ప్రాచీన జోస్యగ్రంథంలోని 64 గుర్తుల్లో రెండింటి పేర్లు. ఒక్కో గుర్తులో ఆరు గీతలుంటాయి. థాయ్‌లో పై మూడు గీతలు భూమికి, కింది మూడు ఆకాశానికి గుర్తు. ఆకాశం పైకి లేస్తుంది, భూమి కిందికి దిగుతుంది కాబట్టి రెండూ కలుస్తాయి, అందుకే శుభం. బిలో ఎవరి చోట వాళ్లుంటారు, దూరమైపోతారు, అందుకే అన్నీ మూసుకుపోతాయి. తమాషా ఏంటంటే గ్రంథంలో థాయ్ 11వది, బి 12వది. అంటే పుస్తకం వరసలో మంచి ముందు, చెడు తర్వాత. సామెత దాన్ని తిరగేసి చెడు ముందు పెట్టి మంచితో ముగించింది. కష్టంలో ఉన్నవాడికి ఏ వరస కావాలో సామెతకు తెలుసు.

నదికి వంపులు, మనిషికి రోజులు అని మరో మాట ఉంది. మూడు తరాలు పేదగా ఉన్నవాడు లేడు అనీ అంటారు. మన ఓడలు బండ్లు, బండ్లు ఓడలు ఈ వంశానివే. రుతువులు, పంటధరలు, రాజకీయం లాంటి చోట్ల ఈ మాట చాలావరకు నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక స్థితే తర్వాతి స్థితికి కారణమవుతుంది. ధర పెరిగితే అందరూ అదే పంట వేస్తారు, సరుకు ఎక్కువై ధర పడుతుంది.

చిక్కు ఎక్కడంటే, ముందు జరిగినదానికీ తర్వాత జరిగేదానికీ ఏ లంకే లేని చోట కూడా జనం ఇదే లెక్క పెడతారు. వియత్నాంలో ప్రభుత్వ లాటరీ టికెట్లు వీధి వీధిలో అమ్ముతారు. ఆ లాటరీలో అన్నిటికంటే పెద్ద బహుమతి చివరి రెండంకెల మీద చాటుగా నడిచే పందెం 'దె'. చట్టవిరుద్ధం, అయినా అందరికీ తెలుసు. చాలా రోజులుగా రాని అంకెను 'గన్' అంటారు, అంటే మొండికేసిందని. ఇన్నాళ్లు రాలేదు కాబట్టి ఇక వచ్చి తీరుతుందని దాని మీద డబ్బు కుమ్మరిస్తారు.

లెక్క చూద్దాం. 00 నుంచి 99 దాకా వంద అంకెలు. ఏ రోజైనా 47 వచ్చే అవకాశం వందకు ఒకటి. నిన్న రాలేదని ఇవాళ ఆ అవకాశం పెరగదు. వరసగా వంద రోజులు 47 రాకపోవడం వింత కూడా కాదు. దానికి సుమారు 37 శాతం అవకాశం ఉంది. అంటే సగటున మూడోవంతుకు పైగా అంకెలు గత వంద రోజుల్లో ఒక్కసారీ రానివే ఉంటాయి. ఇక డబ్బు సంగతి. గెలిస్తే సాధారణంగా పెట్టినదానికి 70 రెట్లు ఇస్తారు. వంద అంకెల మీదా తలా 10 వేల డాంగ్ (వియత్నాం కరెన్సీ) పెడితే మొత్తం 10 లక్షలు, చేతికొచ్చేది 7 లక్షలు. ఎన్నాళ్లు ఆడితే అంత బాగా బ్యాలెన్స్ అవుతుంది, పందెం నడిపేవాడి వైపు.

## పోయింది బదులు చెల్లిందా

అమ్మమ్మ మాట "కువా డి థయ్ ఙుయ్". ఆస్తి మనిషికి బదులుగా పోయింది అని. గాజుగ్లాసు పగిలినా, కారుకు గీత పడినా మనం "దిష్టి పోయిందిలే" అనడం లేదూ, సరిగ్గా అదే. ఎక్కడో ఒక ఖాతా ఉందని, మన ప్రాణం మీదికి రావాల్సింది ఫోన్‌తో చెల్లిపోయిందని నమ్మకం. తర్కంతో చూస్తే ఇది నిలవదు. ఫోన్ దొంగకు మన ప్రాణంతో పనిలేదు. అయినా ఇది నిరూపించడానికి పుట్టిన మాట కాదు. మనసులోని టెన్షన్‌ను పోయిన ఫోన్ మీంచి దక్కిన మనిషి మీదికి మళ్లించడం దీని పని, ఆ పని అది బాగానే చేస్తుంది.

ఇదే ఆలోచనకు సాహిత్యంలో పెద్ద చిరునామా 'కియెవ్ కథ'. న్గుయెన్ జు (1765–1820) రాసిన 3,254 పాదాల కావ్యం. చదువురాని వాళ్లకు కూడా కొన్ని పాదాలు నోటికొస్తాయి. కళ్లు మూసుకుని పుస్తకం తెరిచి, తగిలిన పాదాన్ని బట్టి జోస్యం చెప్పుకునే అలవాటు కూడా ఉంది. మొదట్లోనే కవి అంటాడు: ప్రతిభకూ తలరాతకూ పడదు. ఇంకొంచెం ముందుకెళ్తే "బి సక్ తు ఫోంగ్" అన్న మాట వస్తుంది. ఒకటి నిండుగా ఉంటే ఇంకోటి వెలితి అని. అందమూ తెలివీ ఉన్న కియెవ్, అన్యాయంగా ఇరుక్కున్న తండ్రినీ తమ్ముణ్నీ విడిపించడానికి తనను తాను అమ్ముకుని పదిహేనేళ్లు నరకం చూస్తుంది.

ఇక్కడిదాకా చదివి "వియత్నాం జాతీయకావ్యమే విధివాదం" అనేవాళ్లున్నారు. నాకది సగం చదువు అనిపిస్తుంది. అదే కావ్యంలో కియెవ్ ప్రియుడు, మనిషి పట్టుదల దైవాన్ని గెలిచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయంటాడు. ముగింపులో కవి, మంచికి వేరు మన మనసులోనే ఉంది, మనసు అనే మాట ప్రతిభ అనే మాటకు మూడింతలు అంటాడు. కావ్యం తక్కెడతో మొదలైంది నిజమే, కానీ చివరికొచ్చేసరికి కవే ఒక పళ్లెంలో బరువు పెంచేశాడు.

## కష్టం ఒంటరిగా ఎందుకు రాదు

పక్కింటాయన మాటకు పూర్తి రూపం "ఫుక్ బత్ చుంగ్ లాయ్, హ్వా వో డన్ చీ". అదృష్టం రెండోసారి రాదు, ఆపద ఒక్కటిగా రాదు. మన గోరుచుట్టు మీద రోకటిపోటుకు తోడబుట్టింది. మిగతావాటిలో కనబడే తూకం ఇందులో లేనే లేదు.

దీన్ని నిరాశ అని తీసిపారేస్తారు గానీ, వీటన్నిటిలో అనుభవానికి దగ్గరగా ఉన్నది ఇదేనేమో. హనోయ్‌లో అప్పు మీద బండి కొని బైక్ ట్యాక్సీ నడిపే ఒక కుర్రాణ్ని ఊహించుకోండి. వానలో జారి కాలు విరిగింది. మూడు నెలలు బండి ఎక్కలేడు, ఆదాయం లేదు. ఆస్పత్రి ఖర్చులకు దాచుకున్నది అయిపోయింది. కిస్తీ కట్టలేక బండి తాకట్టు దుకాణానికి చేరింది. కాలు బాగయ్యేసరికి నడపడానికి బండి లేదు. ఇక్కడ నాలుగు ఆపదలు లేవు, ఒకటే ఆపద నాలుగు గుమ్మాలు ఎక్కింది. చేతిలో కాస్త డబ్బున్నవాడికి అదే విరిగిన కాలు మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. సరిహద్దు ముసలాయనకు ఓపికగా ఎదురుచూసే స్తోమత ఉంది. గుర్రాలున్న ఇల్లు అది.

## మెకాంగ్ నీళ్లు: ఎవరికి మంచి, ఎంతవరకు మంచి

సామెతలు పక్కనపెట్టి నేల మీదికి వస్తే, ఈ విషయం మెకాంగ్ డెల్టాలో కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు. అన్‌జాంగ్, డోంగ్ థాప్ ప్రాంతాల్లో ఏటా ఆగస్టు నుంచి నవంబరు దాకా పొలాలు మునుగుతాయి. దాన్ని వాళ్లు వరద అనడం కంటే 'నీళ్లు తేలే కాలం' అనడమే ఎక్కువ. ఆ నీళ్లతో ఒండ్రు వస్తుంది, నేలలో పేరుకున్న ఆమ్లం కడుక్కుపోతుంది, ఎలుకలూ పురుగులూ చస్తాయి. కంబోడియా వైపు నుంచి లిన్ అనే వేలెడంత చేప గుంపులు గుంపులుగా కొట్టుకొస్తుంది. గట్ల మీద మన అవిసె జాతికే చెందిన ఒక పసుప్పచ్చ పువ్వు అప్పుడే విరగపూస్తుంది. ఆ చేపనూ ఆ పువ్వునూ కలిపి పుల్లటి పులుసు కాస్తారు. ఆ కాలమంతా అదే పండగ.

కొలత మారితే కథ మారుతుంది. సరిహద్దు దగ్గరి తన్ చావ్ కొలతకేంద్రంలో 4.5 మీటర్లు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 2000లో నీరు 5 మీటర్లు దాటింది. వందలమంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. అటు 2015లో 3 మీటర్లు కూడా రాలేదు. చేప లేదు, ఒండ్రు లేదు. తర్వాతి వేసవిలో నదికి నెట్టే బలం లేక సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చి వరిని, తోటలను మాడ్చేసింది. ఈ రెండింటి మధ్య వచ్చేదానికి డెల్టాలో ఒక ముద్దుపేరుంది: 'అందమైన వరద'.

2000 దెబ్బ తర్వాత ఎత్తయిన కరకట్టలు విస్తరించాయి. ప్రాణాలు నిలిచాయి, ఏడాదికి మూడో వరిపంట వచ్చింది. రైతు సంతోషించాడు, సంతోషించాలి కూడా. కొన్నేళ్లకు కట్టల లోపల ఒండ్రు అందని నేల నీరసించింది, ఎరువుల ఖర్చు పెరిగింది. కట్టల మధ్య చోటు లేని నీళ్లు కిందనున్న ఊళ్ల వైపు మళ్లాయి. పైన చైనా, లావోస్‌లలో కట్టిన డ్యాములు ఒండ్రును ఆపేయడం, నదిలో ఇసుక తోడేయడం దీనికి తోడయ్యాయి. కట్టలు వద్దనేవాళ్లు నేల ఆరోగ్యం చూస్తున్నారు. కావాలనేవాళ్లు మునిగిన ఇల్లు, పోయిన పిల్లలను గుర్తుపెట్టుకున్నారు. ఇద్దరివీ నిజమైన లెక్కలే, ఒకే పుస్తకంలో కూడలేని లెక్కలు. ఒకరి ఖాతాలో జమ, ఇంకొకరి ఖాతాలో ఖర్చు, అదీ వేర్వేరు ఏళ్లలో.

## సైకాలజీ, మతం, విమర్శ

మంచీ చెడూ సమానమేననేవాళ్లు తరచూ 1978లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనాన్ని చూపిస్తారు. 22 మంది లాటరీ విజేతలను, ప్రమాదంలో శరీరం చచ్చుబడిన 29 మందిని, మామూలు మనుషులను పోల్చింది. విజేతలు మామూలువాళ్ల కంటే చెప్పుకోదగ్గంత ఆనందంగా లేరు. దాన్నే పట్టుకుని, అన్నీ చివరికి ఒకటే అన్నారు. అదే అధ్యయనంలో ప్రమాదబాధితులు మామూలువాళ్ల కంటే తక్కువ ఆనందంగా ఉన్నారన్న సంగతి మాత్రం వదిలేస్తారు. స్వీడన్ లాటరీ విజేతల మీద 2020లో వచ్చిన పెద్ద అధ్యయనంలో వాళ్ల జీవిత సంతృప్తి పెరిగి ఏళ్ల తరబడి అలాగే నిలిచింది. మనిషి చాలావాటికి అలవాటు పడతాడు, అన్నిటికీ కాదు.

వియత్నాంలోని బౌద్ధులకు వేరే పేచీ ఉంది. చేసినదానికి ఫలం ఉంటుందంటే అదృష్టం తనంతట తాను అటూ ఇటూ ఊగేది కాదు, నాటింది మొలుస్తుంది అంతే. "పుణ్యం తలరాతను గెలుస్తుంది" అన్న సామెత ఆ వైపుది. ఇంకొందరు, ఈ మాటలు పేదవాణ్ని నోరు మూసుకుని ఉండమంటాయని విమర్శిస్తారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఎవరు ఎవరితో అంటున్నారన్నది చూడకుండా సామెతను తప్పుపట్టలేం. కాలు విరిగిన కుర్రాడు తనే "ప్రాణం పోలేదు, అదే పదివేలు" అంటే అది ధైర్యం. అప్పిచ్చినవాడు వచ్చి అదే మాటంటే ఒళ్లు మండుతుంది. పిల్లవాణ్ని పోగొట్టుకున్న ఇంట్లో ముసలాయన గుర్రం ఊసెత్తడం ఎక్కడైనా మొరటుతనమే, మన "అంతా మన మంచికే" లాగానే.

## డాక్ లాక్ కాఫీ, ఇంకా ముగియని కథ

వియత్నాం మధ్య పీఠభూమిలో డాక్ లాక్ రోబస్టా కాఫీకి కేంద్రం. ఏళ్ల తరబడి ధర గిట్టక చాలామంది కాఫీ మొక్కలు కొట్టేసి డ్యూరియన్ అనే పండ్ల చెట్లు, మిరియాలు వేశారు. 2023 మొదట్లో కిలో కాఫీ సుమారు 40 వేల డాంగ్. 2024 ఏప్రిల్‌కు లక్ష దాటింది. మొక్కలు కొట్టేసినవాళ్లు తలపట్టుకున్నారు. కొత్త పంట రాగానే 60 వేలకే అమ్మేసినవాళ్లూ అంతే. పాత ధరకు ముందే ఒప్పందాలు చేసుకున్న వ్యాపారులు, సరుకిస్తామన్నవాళ్లు మాట తప్పడంతో నిండా మునిగారు. ధర అంత పెరగడానికి ఒక కారణం కరువు. నీళ్లు లేక పంట ఎండినవాడికి ఆ ధర పేపర్లో చదువుకోవడానికే.

అయితే డ్యూరియన్ వేసినవాళ్లేమీ నష్టపోలేదు. 2022లో చైనా తాజా పండు దిగుమతికి అధికారికంగా ఒప్పుకుంది, 2023లో ఎగుమతులు 200 కోట్ల డాలర్లు దాటాయి. అప్పుడు కాఫీ అట్టిపెట్టుకున్నవాళ్లు వీళ్లను చూసి కుళ్లుకున్నారు. 2025 జనవరిలో చైనా కాడ్మియం అనే విషలోహం పరీక్షలు, ఒక నిషిద్ధ పసుపు రంగు పరీక్షలు కచ్చితం చేసేసరికి పండ్ల లారీలు సరిహద్దు దగ్గర ఆగిపోయాయి. అదే సమయంలో కాఫీ ధర ఇంకా లక్ష పైనే ఉండింది. ఈసారి డ్యూరియన్ కొట్టేసి మళ్లీ కాఫీ నాటాలా అని లెక్కలు వేసుకునేవాళ్లకు ఒక అడ్డంకి ఉంది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడేళ్లు పడుతుంది.